ఫహీమా పేరు మీద అయిదు రొట్టెలు

బట్టీ కిటికీ దగ్గర మొదలైన ఆడవాళ్ళ వరస గోడ వెంబడే సాగి చెరకు రైలు పట్టాల దాకా వచ్చింది. సుందుస్ ఆ వరసలో ఆరోది. అక్కడ బడికి సెలవు శుక్రవారమే; ఆదివారమైనా బడినుంచి నేరుగా వచ్చి నిలబడింది. ఒక చేతిలో ఖర్జూర మట్టలతో అల్లిన పలక, ఇంకో చేతిలో మూలలు అరిగిన రేషను కార్డు. పద్నాలుగేళ్ళ పిల్ల. ఏడాదిలో జానెడు పొడుగు సాగింది గానీ గౌను సాగలేదు. నైలు మీంచి వచ్చే చలిగాలికి చీలమండలు తెల్లగా పగిలి ఉన్నాయి.

ఆమెకు ముందు నిలబడ్డది వాళ్ళ వీధిలోనే ఒంటరిగా ఉండే బహియ్యా అవ్వ. వంతు రాగానే అవ్వ కార్డు కిటికీలో పెట్టి, రొట్టెలు పట్టుకోవడానికి నల్ల శాలువా కొంగు పరిచింది. బట్టీ యజమాని బిషారా కార్డును యంత్రంలో గీశాడు. చొక్కాకి తుడిచి మళ్ళీ గీశాడు. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి అవ్వ ముఖంలోకి చూశాడు.

"నీ పేరు తీసేశారు పిన్నీ."

"ఎందుకు?"

"చనిపోయావని వస్తోంది."

వరసలో ఎవరో నవ్వారు. బహియ్యా నవ్వలేదు, కోప్పడనూ లేదు. పరిచిన కొంగు అలాగే పట్టుకుని, "ఎప్పుడంట?" అని అడిగింది.

"తేదీ లేదు."

"తేదీ లేకపోతే నలభయ్యో రోజు ఎప్పుడు చేసుకోవాలి నాయనా?"

ఈసారి వరసంతా నవ్వింది. బిషారా కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. "నేనివ్వలేను పిన్నీ. ఎన్ని గీస్తే అన్నే ఇవ్వాలి, సాయంత్రానికి పిండి లెక్క సరిపోవాలి. పట్నం ఆఫీసుకి పోయి బతికే ఉన్నానని చెప్పుకో" అన్నాడు.

బహియ్యా ఖాళీ కొంగును ఒకసారి దులిపి భుజం మీద వేసుకుని పక్కకు తప్పుకుంది.

కిటికీ పక్కన కొత్తగా ఒక కాగితం అంటించి ఉంది. "చదువుకుంటున్నావు కదే పిల్లా, అదేంటో చదువు" అన్నారు వెనకనుంచి. సుందుస్ పైకి చదివింది. డెబ్భై దాటినవాళ్ళు గుర్తింపు కార్డుతో బుధవారం బడిలో అధికారి ముందు కనిపించాలి. ఇంట్లో ఎవరైనా చనిపోయి ఉంటే ఇంటివాళ్ళే చెప్పాలి. చెప్పకుండా దాచిన ఇంటి కార్డు మొత్తం ఆపేస్తారు. ఆఖరి మాట దగ్గర ఆమె గొంతు తగ్గింది. వెనకవాళ్ళకు వినిపించక మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివింది.

సుందుస్ కార్డు తీసుకుని గీసి బిషారా తెర మీది పేర్లు గొణుక్కున్నాడు. "ఖలఫ్. నజాత్. బద్రీ." నాలుగో పేరు దగ్గర నోరు కదపలేదు. అది సుందుస్ నానమ్మ ఫహీమా పేరు. పోయిన రంజాన్‌లో ఆమె చనిపోతే పరామర్శకు వచ్చి, వాళ్ళ గుమ్మంలో చేదు కాఫీ తాగి వెళ్ళినవాడే బిషారా. మనిషికి అయిదు చొప్పున ఇరవై రొట్టెలు ఆమె వైపు తోశాడు.

వేడి రొట్టెల్ని ఒకదానిమీద ఒకటి పెడితే అంటుకుపోతాయి. సుందుస్ ఒక్కొక్కటే పలక మీద పరిచి, గాలికి ఆడించి, ఆవిరి పోయాక పేర్చింది. తలెత్తి చూస్తే బహియ్యా అవ్వ పట్టాల వెంట వట్టి చేతులతో నడిచిపోతోంది. ఇరవై రొట్టెలు నెత్తిన పెట్టుకుని అవ్వను దాటిపోవడానికి సుందుస్‌కి కాళ్ళు రాలేదు. అవ్వ ఆగినచోట ఆగుతూ, ఆమె అడుగులకు తన అడుగులు తగ్గించుకుంటూ వెనకే నడిచింది. ఇల్లు చేరేసరికి రొట్టెలు పూర్తిగా చల్లారాయి.

*

ఇంట్లో రొట్టె పంచేది తల్లి నజాత్. చీకటి పడేలోపే పంచుతుంది. చెరకు కొట్టే రోజులు కాబట్టి మగవాళ్ళిద్దరికీ ఆరేసి. అందులో రెండు ఇప్పుడు, నాలుగు రేపటి మూటలోకి. తనకు మూడు. మిగిలిన అయిదూ చివర్న పిల్లల ముందు పెట్టి, "ఇవి మీ నానమ్మవి" అంటుంది. సుందుస్‌కి రెండు, తొమ్మిదేళ్ళ హనాకి రెండు, అయిదోది విరిచి చెరి సగం. ఈ ఇద్దరి పేర్లూ కార్డులో లేవు. పెద్దవాడు బద్రీ పుట్టిన కొన్నాళ్ళకే కొత్త పేర్లు ఎక్కించడం ఆపేశారు. అడిగినప్పుడల్లా ఆఫీసువాళ్ళు ఇంకా తెరవలేదంటారు.

చిన్నబడిలో చదివే హనాకి రోజూ ఖర్జూరం పెట్టిన బిస్కట్ పొట్లం ఇస్తారు. పెద్దబడిలో ఏమీ ఇవ్వరు. మూడో పీరియడ్ అయ్యేసరికి సుందుస్‌కి నల్లబల్ల మీది అక్షరాలు అంచుల దగ్గర నల్లబడతాయి. అప్పుడు చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు కిందికి వంగి తల మోకాళ్ళ మధ్య పెట్టుకుంటుంది. టీచరు ఒకసారి, "కొత్త చెప్పులు కొనుక్కోరాదూ, రోజూ తెగుతున్నాయి" అంది.

రొట్టెలు ఇంట్లో పెట్టి ఆమె చెరకు తోటకి పోయింది. మగవాళ్ళు కొట్టి పడేసిన గడలకు ఆకు వొలిస్తే, కొసన ఉండే పచ్చగడ్డి వొలిచినవాళ్ళది. ఇంట్లో మేకకి అదే మేత. ఎడమచేత్తో గడ పట్టుకుని, కొడవలి వీపుతో పైనుంచి కిందికి ఒక్క దువ్వు దువ్వితే ఎండాకు రాలాలి. అంచు తగిలితే వేలు కోసుకుపోతుంది. రెండు వరసలు వొలిచాక చెరకు ముక్క నమిలింది. కాసేపు కడుపు నిండినట్టుండి, తర్వాత లోపల పుల్లగా మండింది. తిన్నగా నిలబడి ఆకు వొలవడం చాతకాక కూర్చుని వొలిచింది.

ఆ సాయంత్రం పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా సుందుస్ బట్టీ దగ్గర చదివిన కాగితం సంగతి చెప్పింది. చేతులు కడుక్కుంటున్న తండ్రి ఖలఫ్ చెంబు కింద పెట్టాడు.

"వెళ్ళి రాయించేద్దాం. నా చేతుల్తో మట్టి వేసి వచ్చాను. ఇంకా ఎన్నాళ్ళు ఆమె పేరున తింటాం" అన్నాడు.

"రాయించు" అంది నజాత్. గరిటె ఆపకుండానే అంది. "ఆ చేత్తోనే ఈ ఇద్దరికీ ఎవరి మూటలోంచి తీసిపెట్టమంటావో అది కూడా చెప్పు."

ఖలఫ్ అరచేతుల్లో బొబ్బలు చిట్లినచోట నీళ్ళు మండుతుంటే ఊదుకున్నాడు. బద్రీ తల దించుకుని రొట్టె ముక్కని పప్పులో ముంచాడు.

"బహియ్యా పిన్ని ఉంది కదా" అంది నజాత్. "అత్తమ్మ వయసే, అత్తమ్మ పొడుగే. బుధవారం అత్తమ్మ కార్డు పట్టుకుని కూర్చుంటే వచ్చినవాడికేం తెలుస్తుంది?"

"మా అమ్మని లేపి బల్ల మీద కూర్చోబెడతావా?"

"మీ అమ్మని కాదు. అయిదు రొట్టెల్ని."

*

మంగళవారం తల్లీ కూతుళ్ళు వెళ్ళేసరికి బహియ్యా గుమ్మంలో కూర్చుని ఎండిన రొట్టె ముక్కల్ని నీళ్ళు చల్లి తడుపుతోంది. ఎప్పటివో మరి, అంచులు నీలంగా ఉన్నాయి. నీలమైన చోటల్లా గోటితో గిల్లి కోళ్ళకి విసురుతోంది.

"పట్నం వెళ్ళొచ్చావా పిన్నీ?" అంది నజాత్ పక్కన కూలబడుతూ.

"వెళ్ళాను. నన్ను చంపినవాడు మర్యాదస్తుడేనే. కుర్చీ వేశాడు, నీళ్ళిచ్చాడు. నా పేరుతో ఇంకెవరో పోయి ఉంటారట, నేనని రాసేశారట. బతికే ఉందని ఇద్దరు ఉద్యోగస్తుల సంతకాలు తెమ్మన్నాడు. నాకు ఉద్యోగస్తులెవరు తెలుసు? బుధవారం మా ఊరొచ్చే ఆయన్ని అడగొచ్చా అన్నాను. ఆయన బతికున్నవాళ్ళని చూడ్డానికే వస్తాడు, చచ్చిపోయినవాళ్ళు ఇక్కడికే రావాలి అన్నాడు."

సుందుస్‌కి నవ్వొచ్చింది. అవ్వ కూడా నవ్వింది, పళ్ళు లేని కిందిచిగుళ్ళు కనిపించేలా. నజాత్ నవ్వు పూర్తయ్యేదాకా ఆగి, వచ్చిన పని చెప్పింది. కార్డు సరయ్యేదాకా రోజూ రెండు రొట్టెలు పంపిస్తానంది.

బహియ్యా ఫహీమా గుర్తింపు కార్డు తీసుకుని వెలుతురుకి పెట్టి చూసింది. నల్ల ముసుగులో ఒక చిన్న ముఖం, అరిగిపోయి బూడిద రంగులో ఉంది.

"దీని ముక్కు నా ముక్కుకి రెండింతలు."

"ఎవరు కొలుస్తారు పిన్నీ?"

"దీనితో పదేళ్ళు పోట్లాడాను, బాతుల గురించి." కార్డుని వేలితో రుద్దింది. "సరే. కూర్చుంటాను. పిల్లల్ది కదా." తర్వాత సుందుస్ మణికట్టు పట్టుకుని, బొటనవేలూ చూపుడువేలూ చుట్టి, వేళ్ళ కొనలు కలిసి ఇంకా మిగిలినంత మేరా తల్లికి చూపించింది. నజాత్ ముఖం తిప్పుకుంది.

*

బుధవారం చిన్నబడిలో పిల్లల బల్లలు గోడకి జరిపి అధికారికి చోటు చేశారు. ముప్ఫై దాటని మనిషి. ముందు ఒక కంప్యూటరు, కాగితాల దొంతర, ప్లాస్కు. పొద్దున్నుంచీ మూడు ఊళ్ళు తిరిగి వచ్చాడట; కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముసలివాళ్ళు పదిహేనుమంది దాకా, వాళ్ళను పట్టుకొచ్చినవాళ్ళు ఇంకో అంతమంది, నేల మీద కూర్చున్నారు. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే.

"ఫహీమా అబ్దుల్ జాబిర్."

నజాత్ లేపింది. బహియ్యా ముసుగు గడ్డం దాకా లాక్కుని బల్ల ముందు కూర్చుంది. ఒక పక్క నజాత్, ఇంకో పక్క సుందుస్. గదిలో ఎవరూ దగ్గలేదు.

"ఎన్నేళ్ళు పెద్దమ్మా?"

"కార్డులో ఉంటుంది నాయనా. నాకంటే దానికే బాగా తెలుసు."

"కొడుకు పేరు?"

"ఖలఫ్. ఒక్కడే. మిగతావాళ్ళు పసితనంలోనే పోయారు." అది ఫహీమా విషయంలో నిజమే. బహియ్యా విషయంలోనూ సగం నిజం; ఆమెకు ఆ ఒక్కడూ మిగల్లేదు.

"ఈ అమ్మాయి?"

"మనవరాలు." బహియ్యా ఆగవలసినచోట ఆగలేదు. "ఈ పిల్లని చూడు నాయనా. పద్నాలుగేళ్ళు. ఎదిగే వయసు. దీని పేరు ఆ పెట్టెలో ఎందుకు లేదు?"

అధికారి కళ్ళు నలుపుకున్నాడు. "పేర్లు ఆపేసిన ఏడాది తర్వాత పుట్టినవాళ్ళని ఇంకా తీసుకోవడం లేదు పెద్దమ్మా."

"ఆ సంగతి పుట్టకముందే చెప్పి ఉంటే వీళ్ళమ్మని కడుపుతో ఉండగానే ఆపి ఉందును కదా."

గది నవ్వింది. సుందుస్ చెవులు వేడెక్కాయి. అధికారి కూడా పెదవి కొరుక్కుని కాగితం ముందుకు తోశాడు. బహియ్యా సిరా బిళ్ళ మీద బొటనవేలు అద్ది ఫహీమా పేరు పక్కన వేసింది. నజాత్ ఊపిరి వదలడం సుందుస్‌కి వినబడింది.

అంతలో అతను ఇంకో కాగితం తీశాడు. "చనిపోయినట్టు వచ్చిన పేర్లు ఇవి. చదువుతాను. పొరపాటుంటే ఇప్పుడే చెప్పండి, ఇక్కడే కొట్టేస్తాను. లేకపోతే ఖాయం చేసి పంపించేస్తాను."

లేవబోయిన బహియ్యా సగంలోనే ఆగి మళ్ళీ కూర్చుంది.

రెండు పేర్లు చదివాడు. ఎవరో, అవును, పోయారన్నారు. మూడోది చదివాడు. "బహియ్యా సయ్యిద్ హమ్దాన్."

గదిలో ఇందాకటి నవ్వు ఎక్కడికి పోయిందో తెలీదు. బయట పిల్లలు బంతి ఆడే చప్పుడు వినిపించింది. ముసలివాళ్ళు నేల చూశారు. నజాత్ చేయి సుందుస్ భుజం మీద బిగిసింది. అధికారి కాగితంలోంచి తలెత్తి దగ్గరున్నవాళ్ళనే అడిగాడు.

"మీ వీధే అని ఉంది. ఈవిడ తెలుసా పెద్దమ్మా?"

"తెలుసు" అంది బహియ్యా.

"బతికుందా?"

బహియ్యా తన బొటనవేలి సిరా వంక చూసుకుంది. తర్వాత సుందుస్ వంక, కొంచెం సేపు చూసింది.

"పోయింది నాయనా. దేవుడు దాన్ని కరుణించాలి."

"ఎప్పుడు?"

"ఆదివారం. రొట్టెల వేళకి."

అతను రాసుకున్నాడు.

*

ఆ సాయంత్రం సుందుస్ రెండు రొట్టెలు గుడ్డలో చుట్టి అవ్వ ఇంటికి తీసుకెళ్ళింది. తన ముందు పెట్టిన అయిదులోంచే తల్లి ఆ రెండూ తీసింది. మిగిలిన మూడూ అక్కాచెల్లెళ్ళవి. హనా గొణిగితే నజాత్, "బిస్కట్ తిన్నావుగా" అని కసిరింది.

బహియ్యా రెండింటినీ చేత్తో తూచి, ఒకటి గూట్లో పెట్టింది. రెండోది సగం విరిచి, ఉప్పు జున్ను కొంచెం రాసి, ఆ సగం సుందుస్‌కే ఇవ్వబోయింది.

"తిన్నానవ్వా."

"అబద్ధం చెప్పేప్పుడు గుటక వేయకూడదు."

సుందుస్ తీసుకోలేదు. గుమ్మం మీద కూర్చుంది. "పొరపాటుంటే ఇక్కడే కొట్టేస్తానన్నాడు కదా. అప్పుడే చెప్పాల్సింది" అంది.

"చెబితే ఫహీమా ఎవరని అడిగేవాడు. మీ కార్డు మొత్తం పోయేది." అవ్వ మెల్లగా నమిలింది. చిగుళ్ళతో నమలడానికి చాలాసేపు పడుతుంది. "నాకేం, ఒక్కదాన్ని. కానీ ఒకటి ఉందే పిల్లా. రేపు మీ అమ్మ ఈ రెండూ పంపలేదనుకో. పంపలేకపోవచ్చు, దానికీ పిల్లలున్నారు. అప్పుడు నేనెవరికి చెప్పుకోవాలి? చచ్చినదాన్ని కదా."

ఫిర్యాదులా అనలేదు. రేపటి వాన గురించి మాట్లాడినట్టు అంది. సుందుస్ ఇంటికి వచ్చి, తన వాటా ఒకటిన్నర రొట్టె తిని పడుకుంది. పాలిపోయిన గోడ మీద నానమ్మ దుప్పటి వేలాడే మేకు కనిపిస్తూనే ఉంది. తనకు ఇంకా ఆకలిగా ఉందని, అయినా ఆ ఒకటిన్నర కూడా అవ్వ నోట్లోదని రెండూ ఒకేసారి తెలుస్తుంటే ఎటు తిరిగి పడుకోవాలో తోచలేదు.

*

గురువారం బడికని బయల్దేరి పెద్దబడి వైపు పోలేదు. చంకలో పుట్టిన సర్టిఫికెట్ పెట్టుకుని చిన్నబడికి వెళ్ళింది. మిగిలిన రెండు వీధుల పని కోసం అధికారి ఇంకా అక్కడే ఉన్నాడు. ప్లాస్కులోంచి టీ పోసుకుంటున్నాడు.

"నిన్న మీరు వేలిముద్ర వేయించుకున్నది మా నానమ్మ చేత కాదు సార్" అంది. గుమ్మం దాటకుండానే అంది, దాటితే చెప్పలేననిపించింది. "మా నానమ్మ పోయిన రంజాన్‌లో పన్నెండో ఉపవాసం నాడు చనిపోయింది. నిన్న కూర్చున్నది బహియ్యా అవ్వ. చనిపోయిందని మీరు రాసుకున్నావిడ."

అతను కప్పు కింద పెట్టాడు. ఆమెను లోపలికి రమ్మన్నాడు. తర్వాత లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"నిన్న ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది. తెలుసా నీకు?"

"తెలీదు సార్."

"తొమ్మిది నెలలు చచ్చినావిడ పేరున తిన్నారు. నేను రాయాల్సినట్టు రాస్తే మీ కార్డు ఇవాళే ఆగిపోతుంది. మీ నాన్న పంపాడా?"

"ఎవరూ పంపలేదు. ఆ అయిదూ తిన్నది నేనూ మా చెల్లీ. మా పేర్లు లేవు, అందుకని. కానీ మేము తింటే అవ్వకి లేదు." సర్టిఫికెట్ చంకలోంచి తీసి చేతిలో పట్టుకుంది. "అవ్వ బతికే ఉంది సార్. నేనూ బతికే ఉన్నాను."

అతను కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. పడుకున్నాడేమో అనుకుంది. కళ్ళు తెరవకుండానే, "ఆవిణ్ణి తీసుకురా. ఆవిడ కార్డుతో రమ్మను. నేనింకా పంపలేదు, నీ అదృష్టం" అన్నాడు.

బహియ్యా కోళ్ళగూడు దగ్గర ఉంది. విషయం విని తిట్టింది. "నిన్నంతా కష్టపడి చచ్చాను. ఒక్కరోజైనా ఉండనివ్వవా?" అంటూనే శాలువా వేసుకుంది. దారిలో ఇంకేం మాట్లాడలేదు. సుందుస్ మోచేయి పట్టుకుని నడిచింది, ఆ పట్టు గట్టిగా ఉంది.

అధికారి ఆమె ముఖాన్నీ కార్డునీ మార్చి మార్చి చూశాడు. "పెద్దమ్మా, నిన్న ఇక్కడ కూర్చున్నది..."

"నిన్న ఎవరు కూర్చున్నారో నాకెలా తెలుస్తుంది నాయనా? నేను లేనుగా."

అతను ఇక అడగలేదు. ఫహీమా వేలిముద్ర ఉన్న కాగితాన్ని దొంతరలోంచి తీసి నాలుగుగా చించి జేబులో పెట్టుకున్నాడు. కొత్త కాగితం మీద, ఇంటివాళ్ళే వచ్చి మరణం తెలిపారని రాసి నిన్నటి తేదీ వేశాడు. బహియ్యా పేరు పక్కన 'పొరపాటు' అని రాశాడు. కంప్యూటరులో రెండు చోట్ల నొక్కాడు. మొత్తం కలిపి టీ చల్లారినంత సేపు కూడా పట్టలేదు.

సుందుస్ పుట్టిన సర్టిఫికెట్ బల్ల మీద పెట్టింది.

"నా పేరు సార్. చెల్లిది కూడా తెస్తాను."

"ఇలా రా." ఆమెను తన పక్కకు పిలిచి తెర చూపించాడు. ఖలఫ్, నజాత్, బద్రీ. వాళ్ళ కింద గడి ఒకటి, పాలిపోయిన బూడిద రంగులో. "ఇదే కొత్త పేరు చేర్చేది. నొక్కు."

ఆమె నొక్కింది. ఏమీ కాలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కింది.

"నేను నొక్కినా అంతే" అన్నాడు. సర్టిఫికెట్ మడతపెట్టి ఆమె చేతికిచ్చాడు. తలుపు తీసి, బయట ఎదురుచూస్తున్నవాళ్ళను పిలిచాడు.

*

ఆ మధ్యాహ్నం బిషారా బహియ్యాకి అయిదు రొట్టెలిచ్చాడు. వరసలో ఆడవాళ్ళు, ఎన్నో రోజుకి లేచావు పిన్నీ అని ఏడిపించారు. సుందుస్‌కి పదిహేను లెక్కపెట్టి, తక్కువైనవాటి గురించి అడుగుతుందేమోనని చూశాడు. ఆమె పలక మీద పరుచుకుంటోంది.

ఇంటి దగ్గర నజాత్ పలక దించుకోగానే బరువులోనే గ్రహించింది. అయినా కళ్ళతో లెక్కపెట్టింది.

"మిగతావి?"

సుందుస్ చెప్పింది. మొదట్నుంచీ చెప్పింది, బడి ఎగ్గొట్టడం కూడా. నజాత్ చేయి ఒకసారి పైకి లేచింది. కానీ కూతురి చెంప దాకా రాకుండానే పక్కనున్న ఉల్లికాడల కట్ట అందుకుంది. మట్టి వేళ్ళు తెంపి పారేయడం మొదలుపెట్టింది. మంచివి కూడా తెంపేసింది. సాయంత్రం దాకా మేకకి గడ్డి వేస్తే వేసిందనీ అనలేదు, నీళ్ళు తెస్తే తెచ్చిందనీ అనలేదు.

పొద్దు వాలుతుండగా మగవాళ్ళు వచ్చారు. ఖలఫ్‌కి దారిలోనే తెలిసింది. బడిలో ఎవరో విని ఎవరికో చెప్పారు. అతను గుమ్మంలో చెప్పులు విడిచి, సుందుస్ పక్కనుంచి వెళుతూ ఆగాడు. ఆమె తల మీద బొబ్బల చేయి పెట్టి, వెంటనే తీసేశాడు.

అందరూ పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. నజాత్ రొట్టెల దొంతర ఒళ్ళో పెట్టుకుంది. భర్త ముందు మూడు వేసింది. కొడుకు ముందు మూడు. హనా ముందు మూడు. సుందుస్ ముందు మూడు. తన ముందు మూడు. పంచుతున్నంతసేపూ ఎవరి ముఖమూ చూడలేదు. ఆఖరివి విసిరినట్టే వేసింది.

"నాకు మూడేనా?" అన్నాడు బద్రీ. "రేపు మూటలోకి?"

"అందులోంచే."

"ఒక్కదానితో పొద్దుటినుంచి చెరకు కొట్టాలా? నా పేరు మీదే అయిదు వస్తాయి."

"పేరు మీద అయిదు వస్తాయి" అంది నజాత్. "ఇక్కడ అయిదుగురున్నారు. ఇన్నాళ్ళూ మీ నానమ్మ పెడుతోందని ఊరుకున్నాను. ఆవిడ ఇక పెట్టదు."

బద్రీ తండ్రి వైపు చూశాడు. ఖలఫ్ తన మూడింటిలోంచి ఒకటి తీసి పక్కన పెట్టుకున్నాడు రేపటికి. రెండోది విరిచి పప్పులో ముంచాడు. కొడుకు ఇంకా చూస్తూనే ఉన్నాడు. "తిను" అన్నాడు ఖలఫ్. "రేపు మధ్యాహ్నం కాళ్ళు తేలిపోతే కాసేపు కూర్చుందాం. మేస్త్రీ అరుస్తాడు. అరవనీ."

బద్రీ మొదటి రొట్టెని రెండు ముక్కల్లో మింగేశాడు. అతని మీద కోపం తెచ్చుకోవాలనుకుంది గానీ సుందుస్‌కి రాలేదు. పొద్దుటినుంచి కొట్టినవాడి మెడ మీద చెరకు నూగు అంటి ఎర్రగా దద్దురెక్కి ఉంది.

ఆమె తన మొదటి రొట్టె తింది. రెండోది తింది. మూడోదాన్ని తాకి తల్లి వంక చూసింది. ఇది శిక్షో వాటానో ఆ ముఖంలో తెలియలేదు. తింది. హనా ఉల్లికాడ కొరుకుతూ అక్క చేతుల్నే చూస్తోంది. పప్పు గిన్నె అడుగు వేలితో తుడిచేసరికి ఇంకేమీ మిగల్లేదు.

"ఇంకా ఆకలిగా ఉంది" అంది సుందుస్.

ఎవరినీ అడిగినట్టు అనలేదు. బద్రీ నమలడం ఆపాడు. హనా తల్లి వైపు చూసింది, అక్కను తిడుతుందని.

"నాకూ" అంది నజాత్.

కాసేపటికి ఖలఫ్, రేపటికని పక్కన పెట్టుకున్న రొట్టెను గుడ్డలో చుడుతూ, "నాకూ" అన్నాడు.